బాంబూజిల్ అనే ప్రాణమిత్రుడు

ఈ కథలో నేను ఆవగింజంత కూడా కలపలేదు. ముందే చెబుతున్నాను, తర్వాత నన్ను అనొద్దు. విన్నది విన్నట్టు, ఒక్క పొల్లు పోకుండా చెప్పడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య. ఇంకో సంగతి. ఈ ప్రకరణంలో పడమటి దీవి మాటలు వస్తాయి. అవి మన మాటల్లాంటివి కావు. మన మాట దేన్నయినా పట్టుకు చూడండి, చివర్న నోరు తెరుచుకునే ఉంటుంది. చెట్టు, పిట్ట, నీరు, నిప్పు. ఆ దీవివాళ్ల మాట అలా కాదు, ఎవరో లోపల్నుంచి తలుపు వేసినట్టు టప్పున ఆగిపోతుంది. చివర పొల్లే తప్ప అచ్చు ఉండదు, ఒకే ఒక్క మాటకు తప్ప. దాని సంగతి తర్వాత. అలాంటి మాటలు నలభై రెండు ఉన్నాయి. నలభై రెండూ చివర ఉకారం తగలకుండా, గుక్క తిప్పుకోకుండా నేను గడగడా అప్పజెప్పగలను. ఇంతవరకూ ఎవరూ అడగలేదు గనక అప్పజెప్పలేదు, అంతే.

టముకు తిప్పన్నకు మాత్రం ఆ విద్య అంత తేలిగ్గా అబ్బలేదు.

తిప్పన్న పగడదీవి రాజ్యంలో టముకు కొట్టి రాజాజ్ఞలు చాటే మనిషి. అతను కోట బురుజు మీద నిలబడి "వినండహో!" అన్నాడంటే ఏడు వాకిళ్లకూ వినిపించడం అటుంచి, రేవులో ఓడల తెరచాపలు నిండేవి. గాలి పడిపోయిన రోజున సరంగులు అతని గుమ్మం ముందు చేరి, "అన్నా, పడమర దిక్కుగా ఒక్క కేక వెయ్యవా" అని బతిమాలుకునేవారు. అతని చెల్లెలు పైడమ్మది కూడా అలాంటి గొంతే, కాకపోతే తేనె కలిపినది. పొగమంచు కమ్మిన పూట పగడపు దిబ్బ మీద నిలబడి "ఓ… హో!" అని పిలిచి, దారి తప్పిన పడవలను ఒడ్డుకు చేర్చేది.

ఆ పైడమ్మ గొంతు ఒక ఉదయం దీపం ఆర్పినట్టు పోయింది. ఘర్ఘరుడనే మాంత్రికుడు దాన్ని లాగి, ఇత్తడి గిండిలో పెట్టి, మూత బిగించి, నాలుక కొండ గుహలో దాచాడు. గిండిలో పెట్టిన గొంతు ఇరవై ఒక్క రోజులు బతుకుతుంది. ఇరవై ఒకటో రోజు సూర్యుడు సముద్రంలో దిగగానే పొగై పోతుంది.

ఆ ఇరవై ఒకటో రోజు ఇదే. పొద్దు అప్పుడే నడినెత్తి దాటి పడమటికి వాలింది.

నాలుక కొండ పేరుకు తగ్గ కొండ. నానబెట్టిన కెంపుల రాశిలా ఎర్రగా, తడితడిగా, సముద్రం మీదికి చాచుకుని ఉంది. అడుగున అలలు విరిగి తెల్లని పళ్ల వరసలా మెరుస్తున్నాయి. కొండ నెత్తిన కుంకుమపువ్వు రంగు మబ్బులు గొడుగు పట్టాయి. గండభేరుండాలు రెండు ఆ మబ్బుల్లో మునకలేస్తున్నాయి. ఆ కొండ గొంతులోకి దిగే తోవలో, రాతి సింహం చెక్కిన తలుపు ముందు నిలబడి ఉన్నారు ఇద్దరు మనుషులు, ఒక చిలక.

మనుషుల్లో ఒకడు తిప్పన్న. రెండోవాడు గాజులమ్మేవాడి వేషంలో భుజాన మూట వేసుకున్న ఉదయార్కుడు, పగడదీవి యువరాజు. "నీ చెల్లెలు నా చెల్లెలు కాదా?" అని మారువేషంలో తనంతట తాను వెంట వచ్చినవాడు. ఇరవై రోజులు తిప్పన్నతో ఒకే ఆకులో తిన్నాడు. మొసళ్ల మడుగులో తిప్పన్న కాలు పట్టు తప్పితే జుట్టు పట్టి పైకి లాగాడు. రూపంలో మన్మథుడే గానీ గొంతు మాత్రం వెదురు గొట్టంలో ఇరుక్కున్న ఈగది. పక్కన కూర్చున్నవాడికి తప్ప మూడోవాడికి వినపడదు.

చిలక పేరు మొండిముక్కు. పడమటి దీవి ఓడ ఒకటి పగడపు దిబ్బలకు తగిలి ముక్కలైనప్పుడు బతికి బయటపడింది అదొక్కటే. ఆ దీవి మాటలన్నీ దానికి వచ్చు. ఒక్క మాటే పూర్తిగా రాదు. ఓడ ప్రమాదంలో ముక్కు కొస విరిగి, నోరు గుండ్రంగా చుట్టలేదు. అందుకని "హల్లబల్…" అని ఆగిపోయి గుటకలు మింగేది. తోవలో ఒకసారి తిప్పన్న సరదాకి "ఊ!" అని దాని మాట పూర్తి చేశాడు. మాట పూర్తి కాగానే నీళ్ల బుర్ర మూత ఎగిరి అవతల పడింది. ఉదయార్కుడి ముఖం సున్నం కొట్టినట్టు తెల్లబడింది.

"ఆ మాట మళ్లీ అనకు తిప్పన్నా! మహా అశుభం. పలికినవాడి నోరు మూతపడిపోతుంది."

చిలకకు మాటలు వచ్చుగానీ అర్థాలు చెప్పలేదు. అర్థాలు చెప్పింది ఉదయార్కుడు. తండ్రిగారి కొలువులో ఉన్న ముసలి నావికుడి దగ్గర చదువుకున్నానని అన్నాడు. నించంపూప్ అంటే మహావీరుడు. స్కెడాడుల్ అంటే కదలక నిలువు. బాంబూజిల్ అంటే ప్రాణమిత్రుడు.

"నన్ను యువరాజా అంటే వేషం బయటపడుతుంది. బాంబూజిల్ అని పిలువు" అన్నాడు మొదటి రోజే. తిప్పన్న ఆ మాటను బెల్లంముక్కలా చప్పరించాడు. పొద్దున్న లేచి "నా బాంబూజిలూ!" అనేవాడు. ఏరు దాటుతూ "చెయ్యి ఇవ్వు బాంబూజిలూ!" అనేవాడు. పిలిచినప్పుడల్లా యువరాజు ముసిముసిగా నవ్వుకునేవాడు. ఎంత ప్రేమో అనుకున్నాడు తిప్పన్న.

ఇక తలుపుల సంగతి. ఆ గుహ తలుపులు చెవిటివి. తిప్పన్న గొంతంత గొంతు లేనిదే వాటికి వినపడదు. పైగా పడమటి దీవి మాట పొల్లుతో కచ్చితంగా ఆగితేనే తెరుచుకుంటాయి. ఈ దేశంలో ఎవడి నోరూ అలా ఆగదని తెలిసే ఘర్ఘరుడు ఆ తాళాలు పెట్టాడు.

"కెర్ఫఫుల్" అని చిలక అందించింది.

తిప్పన్న ఊపిరి బిగించి, "కెర్ఫఫులు!" అని గర్జించాడు.

రాతి సింహం తుమ్మింది. ఆ తుమ్ముకు యువరాజు తలపాగా ఎగిరి సముద్రంలో పడింది. గాజుల మూట విప్పుకుపోయి పచ్చగాజులు, ఎర్రగాజులు కొండవాలున గలగల దొర్లిపోయాయి. గండభేరుండాలు రెండూ జడుసుకుని వేరే రాజ్యానికి వలసపోయాయి.

"ఉ! మళ్లీ ఉ!" అని సన్నగా కీచుమన్నాడు ఉదయార్కుడు.

"నన్నేం చెయ్యమంటావు దొరా? మూద్దామంటే మూసుకోట్లేదు. మా అమ్మ నేర్పిన నోరిది. మాట వెళ్లిపోయాక కూడా కాసేపు తలుపు తీసి ఉంచకపోతే మర్యాద కాదనుకుంటది."

"మర్యాద తర్వాత. పొద్దు చూడు ఎక్కడుందో!"

తిప్పన్న పొద్దు చూశాడు. చెల్లెలు గుర్తొచ్చింది. ఈసారి మాట చివరికి రాగానే బొటనవేలూ చూపుడువేలూ కలిపి తన పెదవులు తానే పట్టుకున్నాడు. "కెర్ఫఫుల్!" సింహం దవడలు తెరుచుకున్నాయి. ఇద్దరూ దూకారు. వెనక దవడలు టక్కున మూసుకుని తిప్పన్న పంచె కొంగు కొరుక్కున్నాయి. చించుకుని పరుగెత్తారు.

రెండో తలుపు నాగుపడగల తలుపు. నూట ఎనిమిది పడగలు, రెండు వందల పదహారు మాణిక్యాల కళ్లు, ఒక్కొక్క కంటినుంచీ సెలయేరులా కారే వెలుగు. దానికి చెప్పాల్సిన మాట ఫ్లిబర్టీజిబెట్. వాగుడుకాయ అని అర్థమట. ఈ మాట రాయడానికే నాకు రెండు పూటలు పట్టింది, నోటితో అనడం అటుంచండి. అవును, ఇందాక నలభై రెండూ వచ్చన్నాను. నమ్మినవాళ్లుంటే మీ మంచితనం. నాకు వచ్చినవి ఆరు. ఆ ఆరింటి చివరా మా వీధిబడిలో నేర్చిన ఉకారం తోకలా వేలాడుతూనే ఉంటుంది. తిప్పన్న నాకంటే గట్టివాడు. మూడుసార్లు నాలుక కరుచుకుని, నాలుగోసారి పెదవులు పట్టుకుని "ఫ్లిబర్టీజిబెట్!" అని వదిలాడు. పడగలన్నీ సిగ్గుపడ్డట్టు వంగాయి.

లోపల గొంతుల గది.

అరల మీద అరలు, అరల నిండా ఇత్తడి గిండ్లు. సముద్రం వైపు ఏనుగు పట్టేంత కిటికీ ఉంది. అందులోంచి వాలుపొద్దు పడి ఆ గిండ్లన్నీ బంగారు మామిడిపళ్లలా మెరుస్తున్నాయి. చెవి పెట్టి వింటే ఒక్కో దాంట్లో ఒక్కో గొంతు. ఒకదాంట్లో పసిపాప కేరింత, ఒకదాంట్లో పెళ్లిపాట, ఒకదాంట్లో ఎవరో ముసలమ్మ కోడల్ని తిడుతున్న తిట్టు. తిప్పన్న అర అరా వెతికాడు. కిటికీ పక్కన ఒక చిన్న గిండి దగ్గర ఆగిపోయాడు.

"ఓ… హో…" అంటోంది అది, దూరంగా, అలిసిపోయి.

"పైడమ్మా!" దాన్ని చంకలో పొదువుకున్నాడు. మూత లాగాడు. కదల్లేదు. పళ్లతో లాగాడు. పన్ను కదిలింది, మూత కదల్లేదు. కిటికీలో సూర్యుడు సముద్రానికి జానెడు ఎత్తున ఉన్నాడు.

"అలా రాదు" అన్నాడు ఉదయార్కుడు. పీఠం మీద ఉన్న ఒక ఖాళీ గిండి తెచ్చి తిప్పన్న రెండో చేతిలో పెట్టాడు. "ఖాళీ గిండిలో నోరు పెట్టి ప్రాణమిత్రుణ్ణి తలుచుకోవాలి. అప్పుడే నిండు గిండి మూత వదులుతుంది. మనసారా పలుకు. పొల్లుతో ఆపు, మరిచిపోకు."

"నిన్ను తలుచుకోవడానికి ఇంకోడు చెప్పాలా దొరా!"

ఒక చంకలో చెల్లెలి గొంతు, ఇంకో చేతిలో ఖాళీ గిండి. పెదవులు పట్టుకోవడానికి వేళ్లు ఖాళీ లేవు. ఆ సంగతి అతనికి తట్టలేదు. మొసళ్ల మడుగు గుర్తొచ్చింది, ఒకే ఆకులో తిన్న సద్దన్నం గుర్తొచ్చింది. కళ్లు చెమర్చాయి. రోజూ ఎలా పిలుస్తాడో అలాగే, గుండె నిండా గాలి తీసుకుని పిలిచాడు.

"బాంబూజిలూ!"

గొంతంతా సుడి తిరిగి గిండిలోకి దిగిపోయింది. గిండి మూత ఎగిరొచ్చి టక్కున పడింది. పడింది గానీ, పూర్తిగా పడలేదు. ఏదో అడ్డం వచ్చి వెంట్రుకవాసి సందు మిగిలింది. ఆ సందులోంచి ఏదో జారి వచ్చి తిప్పన్న నోట్లోకి తిరిగి దూరింది.

కప్పుకు తలకిందులుగా వేలాడుతున్న గబ్బిలం ఒకటి రెక్కలు విప్పి, నేల మీద దిగి, మనిషైంది. అతనే ఘర్ఘరుడు. అతనికి సొంత గొంతు లేదు. ఒక్కో మాటా ఒక్కో దొంగిలించిన గొంతుతో పలుకుతాడు.

"శభాష్" అన్నాడు పసిపాప గొంతుతో. "యువరాజా" అన్నాడు పెళ్లికూతురి గొంతుతో. "ఎరకు చేప పడింది!" అన్నాడు ముసలమ్మ గొంతుతో.

తిప్పన్న తిరిగి చూశాడు. "ఏంటి దొరా ఇది?" అనబోయాడు. నోరు తెరిస్తే వచ్చింది ఒక్కటే.

"ఊ?"

ఉదయార్కుడు అతని చేతిలోంచి గిండి నెమ్మదిగా తీసుకున్నాడు.

"ఇరవై రోజులు నువ్వు చెప్పిన కథలకు నేను ఊ కొట్టాను తిప్పన్నా. ఈ ఒక్క కథకు నువ్వు కొట్టు. పగడదీవిలో రాజు కావాలంటే బురుజెక్కి నేనే రాజునని చాటాలి. ఏడు వాకిళ్లకూ వినపడాలి. వినపడకపోతే సింహాసనం మా పినతండ్రిది. నా గొంతు మూడో మనిషికి వినపడదు. నీ గొంతు ఓడలను నడుపుతుంది."

"ఊ" అన్నాడు తిప్పన్న.

"బలవంతంగా లాగితే సగమే వస్తుంది. మనసారా నీ అంతట నువ్వే ఇవ్వాలి. అందుకే నిన్నిక్కడికి నడిపించుకు రావాల్సి వచ్చింది. నీ చెల్లెలి గొంతు తియ్యమని వీడికి చెప్పింది నేనే."

"ఊ…"

"బాంబూజిల్ అంటే ప్రాణమిత్రుడు కాదు. నమ్మించి మోసం చెయ్యడం. నువ్వు నన్ను పిలిచిన ప్రతిసారీ నిజమే పిలిచావు."

ఆ మాట అంటున్నప్పుడు అతని కంటినుంచి ఒక చుక్క జారి గిండి అంచు మీద పడింది. మరుక్షణం గిండి ఎత్తి గటగటా తాగేశాడు.

"ఆగు! మూత సరిగ్గా పడలేదు!" అని మూడు గొంతులతో అరిచాడు ఘర్ఘరుడు. అప్పటికే ఆలస్యమైంది.

ఉదయార్కుడు రొమ్ము విరుచుకున్నాడు. నోరు తెరిచాడు. గుహ దద్దరిల్లింది, అరలు ఊగాయి, కింద సముద్రం రెండడుగులు వెనక్కి తగ్గింది.

"పగడదీవిక్ నేన్ రాజున్!"

ఉదయార్కుడు తన నోరు తానే తడుముకున్నాడు.

"ఏమిట్ ఇద్? న్ మాట్ చివర్ తెగిపోతోంద్!"

తిప్పన్న పలికిన చివరి అచ్చు గిండిలోకి దిగలేదు మరి. మూతకు అడ్డం పడింది అదే. గొంతంతా యువరాజుకు పోయింది, ఊ ఒక్కటీ తిప్పన్నకు మిగిలింది. ఆ ఊ లేనిదే మన మాట ఒక్కటీ ముగియదు. బురుజెక్కి అలా చాటితే ఏడు వాకిళ్లకూ వినపడుతుంది, ఏడు వాకిళ్లవాళ్లూ నవ్వుతారు.

"పట్టుకో!" అన్నాడు ఘర్ఘరుడు. "వాడి దగ్గర ఊ ఉంది. అది కూడా లాగాలి!"

"తిప్పన్న్! ఇవ్వ్! న్ మిత్రుడివ్ గద్!"

కిటికీ అంచు మీద వాలి చిలక గొంతు చించుకుంది. "స్కెడాడుల్! స్కెడాడుల్!"

కదలక నిలువు అని కదా అర్థం? ఇరవై రోజుల అలవాటున తిప్పన్న కాళ్లు నేలకు అతుక్కున్నాయి. అంతలో లోపల ఏదో విరిగింది. బాంబూజిల్‌కు అర్థం తలకిందులు. అయితే నించంపూప్ మహావీరుడు కాదు, వెర్రిబాగులవాడు అయి ఉంటుంది. స్కెడాడుల్ నిలువు కాదు, పారిపో! ఒక్కొక్క అర్థమూ తిరగబడుతుంటే, ఒక్కొక్క రోజూ తిరగబడింది. మడుగులో జుట్టు పట్టి లాగింది మనిషి కోసం కాదు, గొంతు కోసం. ఆకులో ముందు ముద్ద తనకు పెట్టింది ఆకలి చూసి కాదు.

పైడమ్మ గిండిని రొమ్ముకు అదుముకుని తిప్పన్న కిటికీలోంచి దూకాడు.

ఆ ఎత్తు ఎంతంటే, తాటిచెట్టు మీద తాటిచెట్టుగా ఏడు నిలిపినా ఇంకో కొబ్బరిమొక్క కావాలి. గాలి చెవుల్లో హోరెత్తింది. ఎదురుగా సూర్యుడి అడుగంచు సముద్రాన్ని తాకింది. రొమ్మున గిండి వేడెక్కుతోంది, మూత సందున సన్నని పొగ మొదలైంది. "ఓ… హో…" అన్న పిలుపు దారం తెగినట్టు తెగితెగి వస్తోంది.

తలకిందులు, అన్నీ తలకిందులు. మరి ఆ నోరు మూయించిన మాట? అశుభం, నోరు మూతపడుతుందన్న మాట? నీళ్ల బుర్ర మూత ఎగిరిపడిందే!

పక్కనే రెక్కలు ముడుచుకుని రాయిలా దిగుతోంది మొండిముక్కు. తిప్పన్న దాని కళ్లలోకి చూసి గిండిని చూపించాడు. దానికి ఏం అర్థమైందో గానీ, విరిగిన ముక్కు తెరిచింది.

"హల్లబల్…"

తన దగ్గర మిగిలిన ఒకే ఒక్క అచ్చును, చెల్లెలి కోసం, తిప్పన్న పూర్తిగా ఇచ్చాడు.

"ఊ!"

మూత ఎగిరిపోయింది. తెల్లని కొంగలా ఏదో గిండిలోంచి లేచి, అతని చెవి పక్కగా పోతూ "అన్నా!" అని, సముద్రం మీదుగా పగడపు దిబ్బల వైపు సాగిపోయింది. ఒక్క లిప్త ఆగి, అక్కడెక్కడో దూరాన, "ఓ… హో!" అన్న పిలుపు తేనెలా వినిపించింది. సూర్యుడు దిగిపోయాడు. పైన కిటికీలో యువరాజు "తిప్పన్న్! తిప్పన్న్!" అని ఉరుముతూనే ఉన్నాడు, ఆ పిలుపు ఎక్కడా పూర్తి కాలేదు. కింద అలల పళ్ల మధ్య మొసళ్లు రెండు నోళ్లు తెరిచి తలలెత్తాయి. తిప్పన్నకు నీళ్లు ఇంకా తగల్లేదు.

నీళ్లు తగిలేలోగా ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆవగింజంత కూడా కలపలేదన్నాను. సింహం తుమ్మడం, గబ్బిలం మనిషి కావడం, సముద్రం రెండడుగులు వెనక్కి తగ్గడం, అన్నీ జరిగినవే, వాటి జోలికి రావద్దు. కలిపింది ఒక్క చుక్క. గిండి అంచు మీద పడిందన్నానే, ఆ చుక్క. అది పడలేదు. ఇరవై రోజులు ఒకే ఆకులో తిన్నవాడు కంట తడి లేకుండా ఆ గిండి ఎత్తి తాగాడని చెప్పడానికి నాకు నోరు రాలేదు.